గదిలో లేనివాళ్ల సమ్మతి

ఈ ఉత్తరం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చింది. రాసినవారు ముప్పై నాలుగేళ్ల ఇంజినీరు. పుట్టి పెరిగింది పాడేరు ఏజెన్సీలోని ఒక గిరిజన గ్రామంలో. పేరూ, కంపెనీ వివరాలూ బయటపెట్టవద్దని కోరారు. ఎనిమిది పేజీల ఉత్తరం సారాంశం ఇది.

ఆమె పనిచేసే సంస్థ ఆ రాష్ట్రం లోపలి భాగంలో, పశువుల మేతకు ప్రభుత్వం లీజుకిచ్చిన భూమిలో సోలార్ ప్లాంటు పెట్టబోతోంది. ఆ భూమిపై తమకు తరతరాల హక్కు ఉందని అక్కడి అబోరిజినల్ సమూహం నేటివ్ టైటిల్ క్లెయిము వేసింది. క్లెయిము రిజిస్టర్ అయింది. కోర్టు తీర్పు ఇంకా రాలేదు. అందుకని కంపెనీ ఆ సమూహంతో ఇండిజినస్ ల్యాండ్ యూజ్ అగ్రిమెంట్, అంటే భూమి వాడకంపై మూలవాసులతో చేసుకునే ఒప్పందం, కుదుర్చుకుంది. ఆ రంగంలో ఉన్నవాళ్లు దాన్ని పొట్టిగా ఐలూవా అంటారు. ఇప్పుడు దానిని నేటివ్ టైటిల్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. ఒప్పందానికి సమూహం అధికారం తీసుకోవడానికి పెట్టిన సభకు నోటీసులు పంపడం, హాలు మాట్లాడటం, హాజరు పట్టీ రాయించడం అన్నీ ఈమె చేతుల మీదుగానే జరిగాయి.

సభ రోజు టీ విరామంలో ఒక పెద్దావిడ కాగితపు కప్పు పట్టుకొని ఈమె దగ్గరికి వచ్చారు. "మా అమ్మమ్మను చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇక్కడి నుంచి పట్టుకుపోయి వూరబిండాలో పెట్టారు. మావాళ్లు అక్కడ ఉన్నారు, పామ్ ఐలాండ్‌లోనూ ఉన్నారు. నాకు ఈ సభ సంగతి ఎవరో చెబితే తెలిసింది. వాళ్లకు ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఆ రాత్రి ఈమె ఫైలు తీసి చూశారు. ప్రకటన ఒకే ఒక్క స్థానిక పత్రికలో వేశారు. ఉత్తరాలు పంపిన జాబితాలో ఆ కుటుంబ శాఖ లేదు. కానీ కంపెనీ రాయించుకున్న మానవ శాస్త్రవేత్త నివేదికలో ఆ అమ్మమ్మ తల్లి పేరు ఉంది. ఆ శాఖ గురించి ఇంకా పరిశోధించాలని పక్కనే రాసి ఉంది.

మేనేజరు నెలాఖరులోగా దరఖాస్తు వెళ్లిపోవాలంటున్నారు. నేటివ్ టైటిల్ ఉన్న, ఉండే అవకాశమున్న వారందరినీ గుర్తించడానికి సహేతుకమైన ప్రయత్నాలన్నీ చేశామని, గుర్తించినవారంతా ఒప్పందానికి అధికారం ఇచ్చారని రాసిన వాంగ్మూలం ఈమె పేరుతో సిద్ధంగా ఉంది. "ఇది మామూలు కాగితం. పైగా నువ్వూ గిరిజన కుటుంబం నుంచే వచ్చావు, నీ సంతకం ఉంటే అందం" అన్నారట. భర్త మాత్రం వీసా కంపెనీ చేతిలో ఉంది, మనకెందుకు, పెట్టేయమంటున్నారు. క్లెయిము సమూహంలోనే ఒకాయన ఫోన్ చేసి, "మా పిల్లలకు ఉద్యోగాలొస్తాయని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాం. మీరు దీన్ని ఆపవద్దు" అన్నారు.

ఆమె చివరి పేజీలో రాసిన మాటలు ఆమెవే: "మా తాతతో వేలిముద్ర వేయించుకున్న కాగితంలో ఏముందో ఆయనకు చనిపోయేదాకా తెలియదు. ఇప్పుడు ఆ కాగితం పట్టుకొచ్చినవాళ్ల పక్కన నేను నిలబడ్డానా?" దాని కింద, మరిచిపోయి చేర్చినట్టు, రెండు వాక్యాలు. క్లెయిము వేసినవారిలో ఒకరు ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. సభలో గోడకు అంటించిన పటంలో లేని కరెంటు లైను దారి, దరఖాస్తు పటంలో కొత్తగా చేరింది.

అమ్మా,

మీ తాతగారి వేలిముద్ర సంగతికి తప్పకుండా వస్తాను. ముందు మీ బల్ల మీద ఉన్న కాగితాన్ని చూద్దాం. దాన్ని మామూలు కాగితం అన్న మాట దగ్గరే మీ చిక్కంతా మొదలైంది.

మామూలు ఒప్పందం సంతకాలు పెట్టినవాళ్లను మాత్రమే కడుతుంది. ఐలూవా కూడా నమోదయ్యే వరకు అంతే. రిజిస్టర్‌లో చేరిన రోజు నుంచి దాని బలం మారిపోతుంది. ఆ భూమిపై నేటివ్ టైటిల్ ఉన్న ప్రతి ఒక్కరినీ అది కడుతుంది. వద్దని చెయ్యెత్తినవారినీ, సభకు రానివారినీ, సభ జరిగిందనే తెలియనివారినీ, ఇంకా పుట్టని వారి మనవలనూ కడుతుంది. వూరబిండాలో ఉన్న ఆ పెద్దావిడ అక్కచెల్లెళ్లు రేపు కోర్టుకు వెళ్లి మేం ఒప్పుకోలేదని చెప్పినా, ఒప్పందం రిజిస్టర్‌లో ఉన్నంతకాలం కంపెనీ చేసే పని చెల్లుతుంది. ప్రపంచంలో చాలా తక్కువ కాగితాలకు ఇంత శక్తి ఉంటుంది. అందుకే నమోదుకు ముందు చట్టం రెండే ప్రశ్నలు గట్టిగా అడుగుతుంది. ఎవరెవరిని వెతికారు? వాళ్లు ఎలా ఒప్పుకున్నారు? మీ పేరుతో రాసిపెట్టిన వాంగ్మూలం ఆ రెండు ప్రశ్నలకూ జవాబు. మిగతా దరఖాస్తు అంతా దాని చుట్టూ కట్టిన గోడ.

ఈ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పనివ్వండి. మీ ప్రాజెక్టు ఉన్న నేల దాని నడిమధ్యలో ఉంది. 1992 జూన్ 3న మాబో కేసులో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు, బ్రిటిష్ వాళ్లు వచ్చేనాటికి ఆ నేల ఎవరిదీ కాదన్న పాత వాదాన్ని కొట్టేసింది. ఆ తీర్పు వల్ల వచ్చిన నేటివ్ టైటిల్ చట్టం 1994 జనవరి 1 నుంచి అమలైంది. 1996 చివర్లో విక్ కేసులో మరో తీర్పు వచ్చింది. పశువుల మేత లీజు ఇచ్చినంత మాత్రాన నేటివ్ టైటిల్ చచ్చిపోదని, రెండూ ఒకే నేల మీద కలిసి ఉండవచ్చని కోర్టు చెప్పింది. లీజు హక్కుకూ మూలవాసుల హక్కుకూ పొంతన కుదరనిచోట లీజుదే పైచేయి. ఆ తర్వాత 1998లో చట్టాన్ని సవరించి ఐలూవాలను తెచ్చారు. మీ సోలార్ ప్లాంటు కింద ఉన్నది సరిగ్గా విక్ తీర్పు మాట్లాడిన రకం భూమి.

ఐలూవాలు మూడు రకాలు. మొత్తం ప్రాంతానికి కోర్టు ఇప్పటికే హక్కు తేల్చి, దానిని చూసుకునే సంస్థ ఏర్పడి ఉంటే ఒక రకం. అక్కడ నోటీసు గడువు ఒక నెలే. ఇంకా తేలనిచోట, మీ దగ్గరలాగా, ఏరియా అగ్రిమెంట్ అనే రకం. మూడోది అరుదు, దాన్ని వదిలేద్దాం. ఏరియా అగ్రిమెంట్‌ను నమోదు చేయించడానికి మళ్లీ రెండు దారులున్నాయి. మీ కథ మలుపు తిరిగేది అక్కడే.

మొదటి దారి, ఆ ప్రాంతంలో మూలవాసుల తరఫున పనిచేయడానికి గుర్తింపు పొందిన ప్రాతినిధ్య సంస్థ ధ్రువీకరణ. అందరినీ గుర్తించే ప్రయత్నం జరిగిందని, వాళ్లు అధికారం ఇచ్చారని ఆ సంస్థ తానుగా తృప్తిపడి సర్టిఫికెట్ ఇస్తుంది. రెండో దారి, సర్టిఫికెట్ లేకుండా ఆ రెండు విషయాలూ జరిగాయని దరఖాస్తులోనే చెప్పి, దానికి ఆధారాలు క్లుప్తంగా చూపడం. అప్పుడు తృప్తిపడాల్సింది రిజిస్ట్రార్. మీ కంపెనీ రెండో దారి పట్టింది. ఎందుకు పట్టిందో మీరు రాయలేదు. ప్రాతినిధ్య సంస్థ ఇంకా సమయం అడిగి ఉంటే, ఎందుకు అడిగిందో మీరు తప్పక తెలుసుకోవాలి. బహుశా ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నే వాళ్లూ అడిగి ఉంటారు.

దరఖాస్తులో మిగతావన్నీ మీలాంటి ఇంజినీరుకు కష్టం కావు. ఒప్పందం ప్రతి, దరఖాస్తు పెట్టడానికి తతిమ్మా పక్షాల సమ్మతి, ప్రాంతం హద్దులు స్పష్టంగా తెలిసే వర్ణన, దానికి సరిపోయే పటం ఉండాలి. నేటివ్ టైటిల్‌ను శాశ్వతంగా వదులుకునే షరతు ఏదైనా ఉంటే, అది అక్కడితో అంతమవుతుందని ఒప్పందంలో స్పష్టంగా చెప్పాలి. అలా చెప్పకపోతే హక్కు చావదు. ప్లాంటు నడిచినంతకాలం పక్కకు తప్పుకొని, లీజు ముగిశాక మళ్లీ నిలబడుతుంది. మీ ఒప్పందంలో వదులుకునే మాట ఉందో లేదో ఒకసారి మీ కళ్లతో చదవండి. సోలార్ ప్లాంటుకు సాధారణంగా ఆ అవసరం రాదు. ఉంటే మాత్రం సభలో ఆ సంగతి ఎలా వివరించారన్నది చాలా పెద్ద ప్రశ్న అవుతుంది.

మీ మేనేజరు ఒక విషయంలో ఒప్పు. క్లెయిము వేసినవారిలో ఒకరు సంతకం పెట్టకపోవడం ఇప్పుడు అడ్డంకి కాదు. ఒకప్పుడు అయింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో నూంగార్ ప్రజలు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల విషయంలో, క్లెయిముదారులందరూ సంతకం పెడితేనే అది ఐలూవా అవుతుందని 2017 ఫిబ్రవరి 2న ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం మెక్‌గ్లేడ్ కేసులో తేల్చింది. దాంతో అలా ఒకరిద్దరి సంతకాలు తగ్గిన పాత ఒప్పందాలన్నీ ఒక్కసారిగా ఊగిపోయాయి. అదే ఏడాది జూన్‌లో పార్లమెంటు చట్టం మార్చింది. సమూహం వేరే షరతు పెట్టుకోకపోతే ఇప్పుడు మెజారిటీ సంతకాలు చాలు. కాబట్టి ఆ ఖాళీ గీత చూసి మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఆ ఒక్కరు ఎందుకు పెట్టలేదన్న కారణం మాత్రం కనుక్కోండి.

కానీ పటం సంగతి మీరు అనుకున్నదానికంటే చాలా పెద్దది. మీరు దాన్ని చివర్లో ఒక్క వాక్యంలో తోసేశారు. సభ అధికారం ఇచ్చింది గోడ మీద ఉన్న పటానికి. దరఖాస్తుతో వెళ్తున్నది వేరే పటం. కరెంటు లైను దారి సన్నటి గీతే కావచ్చు. ఆ గీత కింద ఒక నీటిమడుగు ఉండవచ్చు, పూర్వీకుల సమాధులు ఉండవచ్చు, ఆడవాళ్లు మాత్రమే వెళ్లే చోటు ఉండవచ్చు. ఆ గీత చూసి ఉంటే వాళ్లు ఏమనేవారో ఎవరికీ తెలియదు. చూపించని నేలకు సమ్మతి లేదు. ఇది మీ నైతిక సంకోచం ఒక్కటే కాదు. అధికారం ఏ ఒప్పందానికి ఇచ్చారన్న చట్టపరమైన ప్రశ్న. దీన్ని మేనేజరు ముందు పెట్టడం కూడా తేలిక. ఎవరినీ తప్పుపట్టకుండా, రెండు పటాలనూ బల్ల మీద పక్కపక్కన పరిచి చూపిస్తే చాలు.

ఇక ఆ పెద్దావిడ ప్రశ్న.

క్వీన్స్‌లాండ్‌లో 1897 నాటి ఒక చట్టం పేరుతో అబోరిజినల్ ప్రజలను సొంత నేల నుంచి లేపి రిజర్వులకు తరలించారు. పామ్ ఐలాండ్‌లో 1918 నుంచి, వూరబిండాలో 1927 నుంచి అలా తెచ్చిపెట్టినవాళ్ల సంతానం ఉంది. ఒక్కో కుటుంబం వందల కిలోమీటర్ల దూరాన పడింది. అలా తరలించినంత మాత్రాన వాళ్లకు నేటివ్ టైటిల్ పోదు. భూమితో సంబంధం తల్లి నుంచి బిడ్డకు కథలుగా, పేర్లుగా అందుతూనే ఉంది. ఇది తెలిసిన రాష్ట్రంలో, ప్రాజెక్టు పక్కన ఉన్న పట్టణంలో మాత్రమే అమ్ముడయ్యే పత్రికలో ఒక ప్రకటన వేసి సహేతుకమైన ప్రయత్నాలన్నీ చేశామంటే, ఆ "అన్నీ" అన్న మాట నిలబడదు. నివేదికలో ఆ పేరు లేకపోతే అది వేరే సంగతి. కంపెనీ డబ్బిచ్చి రాయించుకున్న నివేదికే ఇంకా వెతకమని చెప్పింది. వెతకలేదు.

చట్టంలో ఉన్న మాట గమనించండి. నేటివ్ టైటిల్ ఉన్నవారు అని మాత్రమే అనలేదు, ఉండే అవకాశమున్నవారు అని కూడా అంది. ఆ పెద్దావిడ తన హక్కును అప్పటికప్పుడు రుజువు చేయనక్కర్లేదు. ఎవరో వచ్చి ఆధారం లేకుండా మాదీ అంటే చాలదన్నది నిజమే. ఆమె మాట అలా ఊరికే వచ్చింది కాదు, దానికి మీ ఫైలులోనే ఆధారం ఉంది.

ఇంకో అపోహ కూడా పోగొట్టుకోండి. అందరూ అవుననాలని చట్టం కోరదు. గుర్తించినవారికి తెలియాలి, వచ్చి మాట్లాడే నిజమైన అవకాశం ఉండాలి, ఆపైన వారి సంప్రదాయ నిర్ణయ పద్ధతి ప్రకారమో, వాళ్లే కూర్చుని ఒప్పుకున్న పద్ధతి ప్రకారమో నిర్ణయం జరగాలి. నేను ఇలాంటి సభల్లో కూర్చున్నాను. బాగా జరిగిన సభల్లో మొదటి గంట ఒప్పందం ఊసే ఉండదు. ఎలా నిర్ణయించాలన్నదే చర్చ. ఒకసారి హాలు వెనక కుర్చీల్లో ఉన్న ముగ్గురు పెద్దలు, చేతులు ఎత్తే ముందు ఒక్కో కుటుంబం విడిగా బయటికి వెళ్లి మాట్లాడుకొని రావాలన్నారు. బయట ఎండలో గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకున్నారు. కంపెనీ మనుషులు లోపల చల్లారిన టీ ముందు గంటన్నర కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చిన తీర్మానాన్ని ఎవరూ సవాలు చేయలేదు. మీ సభలో ఆ మొదటి తీర్మానం జరిగిందా? నిర్ణయ పద్ధతిని ఎవరు ప్రతిపాదించారు, ఎవరు ఒప్పుకున్నారు? మినిట్స్‌లో చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. వేటి ఫలితం ఎలా ఉంటుందో చెబుతాను. ఎంచుకోవలసింది మీరు.

రాసిచ్చిన వాంగ్మూలం మీద ఉన్నదున్నట్టు సంతకం పెట్టవచ్చు. అది ఒక దారి. నమోదు దరఖాస్తులో ప్రభుత్వానికి తెలిసి తప్పుడు మాట చెప్పడం ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వపు క్రిమినల్ కోడ్ కింద నేరం, ఏడాది వరకు జైలు పడవచ్చు. ప్రతి సంతకం జైలుకు వెళ్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ నివేదికను మీరు చదివారు. పెద్దావిడ మాట మీరు విన్నారు. రేపు ఎవరైనా అడిగితే తెలియదనే మాట మీకు దక్కదు. దాన్ని రాసిన మేనేజరు పేరు అందులో ఎక్కడా ఉండదు, మీ పేరే ఉంటుంది. ఈ దారి వద్దని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

రెండో దారి, మీ వాంగ్మూలం మీరే రాయడం. మీరు చేసినవి, చూసినవి, విన్నవి, అంతే. ఏ పత్రికలో ఏ తేదీన ప్రకటన వచ్చింది, ఎన్ని ఉత్తరాలు ఎవరికి వెళ్లాయి, ఎంతమంది వచ్చారు, ఎవరు ఏ ప్రశ్న అడిగారు, నివేదికలో ఏముంది. అన్ని ప్రయత్నాలూ చేశామన్న తీర్పు మాటను మాత్రం మీరు రాయవద్దు. అది న్యాయవాది చేయవలసిన వాదన, రిజిస్ట్రార్ తేల్చవలసిన విషయం. దీనివల్ల మేనేజరుకు కోపం వస్తుంది. ఆయన వేరొకరితో సంతకం చేయించే ప్రయత్నం కూడా చేయవచ్చు. అప్పుడు మీ పాత్ర ముగిసినట్టు అనిపిస్తుంది గానీ, మీరు రాతపూర్వకంగా చెప్పిన మాట ఫైలులో ఉంటుంది. దాన్ని చూసి కూడా దరఖాస్తు పంపేందుకు కంపెనీ న్యాయవాదులు రెండుసార్లు ఆలోచిస్తారు.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కంపెనీ చేతనే ఆ ఖాళీ పూరింపజేయడం. వూరబిండాకూ పామ్ ఐలాండ్‌కూ మనిషిని పంపి, ఆ శాఖను వెతికి, వాళ్లు రాగలిగే చోట, రవాణా ఖర్చులిచ్చి మరో సభ పెట్టి, అసలు పటం చూపించడం. ప్రాతినిధ్య సంస్థ సహాయం అడిగితే పని తొందరగా అవుతుంది, చివరికి సర్టిఫికెట్ కూడా రావచ్చు. రిజిస్ట్రార్ ఉండే నేషనల్ నేటివ్ టైటిల్ ట్రైబ్యునల్ సిబ్బంది దరఖాస్తుకు ముందే ముసాయిదా చూసి వ్యాఖ్యలు ఇస్తారు, అదీ అడగవచ్చు. నెలలు పడుతుంది, డబ్బవుతుంది. మేనేజరు వెంటనే కాదంటారు.

ఆయనకు ఆయన భాషలోనే చెప్పండి. దరఖాస్తు పంపిన రోజే నమోదు జరగదు. రిజిస్ట్రార్ నోటీసు ఇచ్చాక ఏరియా అగ్రిమెంట్‌కు మూడు నెలల గడువు ఉంటుంది. సర్టిఫికెట్ ఉన్న ఒప్పందమైతే హక్కుదారులమనేవారు ఆ గడువులో అభ్యంతరం పెట్టవచ్చు. సర్టిఫికెట్ లేని మీ ఒప్పందం విషయంలో వాళ్లు సొంత క్లెయిము వేయవచ్చు. అది రిజిస్టర్ అయితే, వాళ్లు పక్షంగా లేని ఒప్పందం నమోదు కాదు. క్లెయిము వేయడం ఆ కుటుంబానికి చిన్న పని కాదు, నిజమే. కానీ ప్రాతినిధ్య సంస్థ ఇచ్చే సమాచారాన్ని రిజిస్ట్రార్ చూడాల్సిందే, ఇతరులు ఇచ్చేదాన్ని కూడా చూడవచ్చు. పెద్దావిడ రాసిన ఒక్క ఉత్తరం వెళ్తే, మీ నివేదికలోని ఆ వాక్యం బయటికి వస్తే, దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు. నమోదయ్యాక కూడా ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. మోసం, ఒత్తిడి, బలవంతంతో చేసిన ఒప్పందమని తేలితే రిజిస్టర్ నుంచే తీసేయవచ్చు.

కార్మైకేల్ బొగ్గు గని కోసం అదానీ సంస్థ వాంగన్, జగలింగు ప్రజలతో చేసుకున్న ఐలూవా సంగతి ఆయన వినే ఉంటారు. 2016 ఏప్రిల్‌లో సభ జరిగింది. అనుకూలంగా 294, వ్యతిరేకంగా ఒక్క ఓటు. వ్యతిరేకించిన వర్గం తాము ఆ సభను బహిష్కరించామంది. దానికి ప్రాతినిధ్య సంస్థ సర్టిఫికెట్ ఉంది, చివరికి కోర్టుల్లో నిలిచింది కూడా. అయినా చివరి అప్పీలు తేలేసరికి 2019 జూలై వచ్చింది. నూంగార్ ఒప్పందాలైతే 2015లో సభలు జరిగి, 2021 ఫిబ్రవరి 25న గానీ అమల్లోకి రాలేదు. గట్టి కాగితాలున్నవాళ్లకే అన్నేళ్లు పట్టింది. నెలాఖరు గడువు కోసం బోలు దరఖాస్తు పంపితే మిగిలే సమయం ఎంతో ఆయననే లెక్కవేయమనండి. ప్రాజెక్టుకు అప్పిచ్చే బ్యాంకు అడిగేది నమోదైన ఒప్పందాన్ని. పంపిన తేదీని ఎవరూ అడగరు.

నాలుగో దారి, లోపల ఎవరూ వినకపోతే పై అధికారులకు చెప్పడం. సంస్థలో తప్పు జరుగుతోందని సరైన వ్యక్తులకు చెప్పే ఉద్యోగులకు ఆస్ట్రేలియా కంపెనీల చట్టంలో 2019 నుంచి బలమైన రక్షణలున్నాయి. కానీ ఎవరికి, ఏ రూపంలో చెప్పారన్నదాన్ని బట్టి ఆ రక్షణ వస్తుంది. కాబట్టి ఆ అడుగు వేసే ముందు మీ సొంత న్యాయవాదిని కలవండి. కంపెనీ న్యాయవాది కంపెనీకి మాత్రమే న్యాయవాది. కంపెనీ పత్రాలను ఫోటో తీసి బయటివారికి పంపడం లాంటివి చేయవద్దు. ఆ పెద్దావిడ మళ్లీ కలిస్తే, ప్రాతినిధ్య సంస్థకూ రిజిస్ట్రార్‌కూ రాసుకోవచ్చని చెప్పడం రహస్యం బయటపెట్టడం కాదు. అవి అందరికీ తెలిసిన దారులు.

ఉద్యోగం మానేయడం కూడా ఒక దారే. మీరు రాయలేదు గానీ పంక్తుల మధ్య అది కనిపించింది. మీ మనసు తేలికపడవచ్చు. ఆ శాఖ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఫైలుకు దూరమవుతారు. దాన్ని ఆఖరుకు ఉంచండి.

మీ భర్తగారి భయం చిన్నది కాదు. ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు, ఇంటి గురించి ఆలోచించే మనిషి అలాగే అంటారు. ఆయనతో కూర్చుని ఈ లెక్కలు చూడండి. మీది 482 వీసా, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే తాత్కాలిక ఉద్యోగ వీసా అన్నారు. స్పాన్సర్ దగ్గర పని ఆగిపోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 2024 జూలై 1 నుంచి ఒక్కోసారి 180 రోజులు, వీసా కాలం మొత్తంలో 365 రోజులు ఇస్తున్నారు. మరుసటి వారమే సామాను సర్దుకోవాల్సిన పరిస్థితి కాదు. తన హక్కు వాడుకున్నందుకు ఉద్యోగిని తీసేస్తే, ఉద్యోగ వివాదాలు చూసే ఫెయిర్ వర్క్ కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ 21 రోజుల్లోపే వెళ్లాలి, ఆ గడువు గుర్తుపెట్టుకోండి. పర్మనెంట్ రెసిడెన్సీ విషయం వలస న్యాయవాదితో ఒక గంట మాట్లాడితే తేలిపోతుంది. ఆ గంట ఇద్దరూ కలిసి వెళ్లండి.

ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్నామని ఫోన్ చేసినాయన మాట మీ ఉత్తరంలో రెండే పంక్తులు. నాకు అది చాలా బరువుగా తోచింది. ఆయన తప్పు మాట్లాడలేదు. ఇక్కడే మీ తాతగారి వేలిముద్రకు వస్తాను.

మన ఏజెన్సీలో చట్టం భూమి చుట్టూ కంచె కట్టింది. 1/70 నిబంధన ప్రకారం గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ అయితే చెల్లదు. బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. కంచె ఉన్నా వేలిముద్రలు వేయించుకునేవాళ్లు వేయించుకున్నారు. మీ తాతగారి ఊళ్లో జరిగింది అదే. ఆస్ట్రేలియా చట్టం వేరే దారి పట్టింది. మీ నేల మీద ఏం జరగాలో మీరే కూర్చుని బేరమాడి ఒప్పుకోవచ్చు, వద్దనుకోవచ్చు, కావాలంటే వదులుకోవచ్చు అంటుంది. ఏది మంచిదని అడిగితే నా జవాబు పొడవుగా ఉంటుంది. ఇక్కడ మీకు కావలసింది ఒకటే. ఒప్పుకునే హక్కు కూడా వాళ్ల హక్కే. ఆ ఫోన్ చేసినాయన ప్లాంటు కావాలంటే, ఆయన మోసపోతున్నాడని మీరు నిర్ణయించనక్కర్లేదు. మీ తాతగారికి దక్కనిది, కాగితంలో ఏముందో తెలుసుకొని అవుననో కాదనో చెప్పే అవకాశం. ఫోన్ చేసినాయనకు అది దక్కింది. వూరబిండాలో ఉన్నవాళ్లకు దక్కలేదు.

ఆయనకు మీరు ఏం చెప్పవచ్చంటే, నేను ఆపడం లేదు, తర్వాత ఎవరూ కూలదోయలేనట్టు చేయాలని చూస్తున్నాను అని. ఆ శాఖ ఆయనకు చుట్టాలే. పాత తరంలో విడిపోయిన అక్క పిల్లలో, చెల్లి పిల్లలో. వాళ్లను తెలుసా అని అడగండి. కంపెనీ నియమించిన ఏ నిపుణుడికంటే ఆయనే వాళ్లను తొందరగా వెతికిపెట్టగలరేమో.

మీరు కాగితం పట్టుకొచ్చినవాళ్ల పక్కన నిలబడ్డారా అని అడిగారు. నిలబడ్డారు, అది మీ ఉద్యోగం. అటువైపు నిలబడి కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి మీ తాతగారికి దొరకలేదు.

ఇది చదివాక చేయవలసిన పని ఒకటుంది. జ్ఞాపకం చల్లారకముందే, మీ సొంత పుస్తకంలో, సభ రోజు జరిగింది తేదీతో సహా రాసుకోండి. హాలు పేరు, టీ విరామం ఎన్ని గంటలకు, ఆమె ఎక్కడ నిలబడి అడిగారు, మీరేమన్నారు. ఆమె మాటలకు మెరుగులు దిద్దకుండా, విన్నది విన్నట్టు రాయండి. తర్వాత మీ వాంగ్మూలం దాని నుంచే తీయండి. ఆమె రెండు ఊళ్ల పేర్లు చెప్పారు, వూరబిండా, పామ్ ఐలాండ్. ఆ రెండు పేర్లూ అందులో ఉండాలి.